జానెడు గొలుసు

మా పురపాలక సంఘానికి ప్రజల దాహం మీద ఎంత దయో, ప్రజల నిజాయితీ మీద అంత అనుమానం. అందుకే ఎండలు ముదరగానే ఆఫీసు ఆవరణలో తాటాకు పందిరేసి, ఎత్తుపీట మీద ఇనప డ్రమ్ము పెట్టి, దానికి కుళాయి బిగించి, ఆ కుళాయికి ఒక స్టీలు గ్లాసు గొలుసుతో కట్టేశారు. అంతకుముందు కట్టకుండా పెట్టిన గ్లాసులన్నీ ఒక్కొక్కటిగా ఒక్కో ఇంటికి కాపరానికి పోయాయి మరి. గొలుసు ఎంత పొడుగుండాలో ఇంజనీరింగు సెక్షన్‌లో పెద్ద చర్చే జరిగింది. పొడుగైతే దొంగకి వీలని, ఆఖరికి జానెడు గొలుసు కొన్నారు.

జానెడు గొలుసుతో నీళ్ళు తాగడానికి ఒకటే దారి. గ్లాసు నింపుకుని, నడుం వంచి, తల డ్రమ్ము దాకా తీసుకెళ్ళి, గ్లాసుకి మూతిపెట్టి తాగాలి. కాస్త ఆత్రపడితే నుదురు డ్రమ్ముకి తగిలి ఠంగుమంటుంది. ఆ పందిరి పక్కనే నా టీ బంకు. పొద్దుటినుంచీ ఆ ఠంగు ఠంగు వింటూ టీలు కాచేవాణ్ణి. ఊరికి ఎంత దాహంగా ఉందో పేపరు చూడకుండానే నాకు తెలిసిపోయేది.

నా పేరు కోటిలింగం. లెక్కల మాస్టారికీ నాకూ పడక ఏడో తరగతిలో బడి మానేశాను. కాబట్టి ఈ కథలో సైన్సు ఎక్కడన్నా తప్పితే ఆ తప్పు నాది కాదు, మునిసిపాలిటీది.

ఆ ఎండల్లోనే కొత్త కమిషనర్ త్రివిక్రమరావు గారు వచ్చారు. పెద్ద ఊళ్ళో ప్రజారోగ్యం మీద శిక్షణ పొంది వచ్చిన మనిషి. ఆయన నీళ్ళు తాగుతుంటే చూడాలి. సొంత సీసా మూత తీసి, మెడ వెనక్కి వాల్చి, సీసాని నెత్తికి మూరెడు పైకెత్తి పోసుకునేవారు. ఒక్క చుక్క కింద పడేది కాదు. గుమాస్తాలంతా శివుడికి అభిషేకం చూసినట్టు చూసేవాళ్ళు.

వచ్చిన రోజే ఆయన కంట్లో సైదులు పడ్డాడు. సైదులు సిమెంటు బస్తాల బండి లాగుతాడు. ఆ ఎండలో బండి గేటు దగ్గర ఆపి, డ్రమ్ము ముందు వంగి, కళ్ళు మూసుకుని తాగుతున్నాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావ్?" అన్నారు కమిషనర్.

"నీళ్ళు తాగుతున్నా సార్."

"దాన్ని తాగడం అనరు. ఎంగిలి చెయ్యడం అంటారు. ఎత్తి తాగు."

సైదులు గ్లాసు ఎత్తాడు. గొలుసు పట్టి లాగింది. ఇంకాస్త గట్టిగా ఎత్తాడు. కుళాయి కిర్రుమంది.

"ప్రభుత్వ ఆస్తి పీకుతున్నాడు సార్!" అని అరిచాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ పాపారావు.

"ఎత్తమన్నారు గదండీ!"

"ఎత్తమన్నారు. పీకమన్లేదు."

మర్నాటికల్లా పందిరి గుంజకి బోర్డు వేలాడింది. "ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా, ప్రజారోగ్య పరిరక్షణార్థం ఓష్ఠస్పర్శరహిత ఊర్ధ్వజలపాన విధానం తక్షణమే అమల్లోకి వచ్చినది. గ్లాసును పెదవికి తాకించువారు ఓష్ఠస్పర్శులుగా పరిగణింపబడుదురు."

"పాపారావు గారూ, మరి గొలుసు?" అని అడిగాను, టీ అందిస్తూ.

"గొలుసు ఇంజనీరింగు సెక్షన్‌ది. మూతి శానిటేషన్‌ది. ఒక సెక్షన్‌లో ఇంకో సెక్షన్ వేలు పెట్టకూడదయ్యా" అని, ఆ టీ గ్లాసుకే మూతిపెట్టి జుర్రున లాగాడు.

నాకు అనుమానమొచ్చింది. "మరి టీ కూడా ఎత్తే తాగాలా అండీ?"

పాపారావు గ్లాసు దించి లోపలికి పరిగెత్తాడు. సాయంత్రానికి వివరణ వచ్చింది: టీ జలము కాదు, పానీయము. పానీయమునకు పెదవి వర్తించదు. ఆఫీసు మొత్తం ఊపిరి పీల్చుకుంది.

ఆ బోర్డు చదివినప్పుడు నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక నవ్వు పోయింది. మా ఇంటిది నాంచారమ్మకి పోయినేడు పక్షవాతం తగిలి, చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి గానీ మూతి ఎడమ పక్కకి జారి అక్కడే ఉండిపోయింది. ఎత్తి పోసుకుంటే నీళ్ళు సగం రవికె మీదకీ సగం ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. గ్లాసు కుడి పక్కకి ఆనించుకుని, పిల్లిలాగా కొంచెం కొంచెం తాగుతుంది. బంకులో పాలు కాచేది ఆమె, గిన్నెలు తోమేది ఆమె, గారెలు వేసేది ఆమె. నేను చేసేది టీ పోయడం, లోకాన్ని తిట్టడం. బంకు ఉన్నది మునిసిపాలిటీ ఆవరణలో. ఆమె మూతి సంగతి పైకొస్తే బంకూ ఉండదు, బంకులో ఆమె కూడా ఉండదు.

"ఒక గోనెపట్టా అడ్డం కట్టు. దాని వెనక్కి పోయి తాగొస్తా. దీనికింత ఏడుపెందుకు?" అంది నాంచారమ్మ.

కట్టాను.

ఇక ఊరి సంగతి. చలివేంద్రం దగ్గర తాగేదెవరు? ఇంట్లో ఫ్రిజ్ లేనివాడు, చంకలో సీసా లేనివాడు, బండి లాగేవాడు, అర్జీ పట్టుకుని పల్లెనుంచి వచ్చి చెట్టుకింద కూర్చునేవాడు. వాళ్ళంతా ఆ గొలుసు పుణ్యాన ఓష్ఠస్పర్శులైపోయారు. సీసా ఉన్నవాళ్ళంతా ఊర్ధ్వపాయులయ్యారు. అంతంత మాటలు నోరు తిరక్క జనం 'ఎత్తువాళ్ళు', 'మూతివాళ్ళు' అనుకున్నారు.

మొదట్లో బోర్డే. తర్వాత మూతివాళ్ళకి ఆఫీసు వరండాలో వేరే బల్ల వేశారు. తర్వాత ఆ బల్ల ఎండలోకి జరిపారు, సూర్యరశ్మి క్రిములకి మంచి మందని. వాళ్ళ అర్జీలు చేత్తో తీసుకోకుండా పటకారుతో తీసుకోవడం మొదలెట్టారు. ఆ పటకారు నాదే. ఒక్క నిమిషం అని అడిగి పట్టుకెళ్ళారు. ఈ రోజుకీ తిరిగివ్వలేదు.

ఆరోగ్య దినోత్సవం నాడు ఒక డాక్టరుగారిని పిలిపించి మాట్లాడించారు. మూతివాళ్ళు తరతరాలుగా తల వంచి తాగడం వల్ల రక్తమంతా నుదుటి వైపు దిగి, ఆలోచన మందగిస్తుందని ఆయన బల్ల గుద్ది చెప్పారు. నుదుటి మీద బొడిపెలే దానికి సాక్ష్యం అన్నారు. బొడిపెలు నిజమే. డ్రమ్ముకి గుద్దుకుంటే రాక ఏం చేస్తాయి? కానీ ఆయన చదువుకున్నవాడు, నేను టీ అమ్ముకునేవాణ్ణి. చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత ఊళ్ళో సైకిలు పోతే చాలు, "చూడండి, ఎవడో మూతివాడే అయ్యుంటాడు" అనేవాళ్ళు. పోలీసులు పట్టుకున్నది ఎత్తువాడైతే, "అయ్యో, ఎంత కష్టమొచ్చి తీశాడో" అనేవాళ్ళు. బళ్ళో పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకడు మూతివాడు, మిగతావాళ్ళంతా వాడి చెయ్యి తగలకుండా పరిగెత్తాలి. ఎప్పుడూ మూతివాడు అయ్యేది సైదులు కొడుకే. వంతులు మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఒకనాడు సైదులు బంకు దగ్గర బండి ఆపి అన్నాడు: "అన్నా, నేనూ ఒక ప్లాస్టిక్ సీసా కొన్నా. ఎత్తి తాగుతున్నా. నేర్చుకున్నా."

"ఇంకేం మరి, ఎత్తువాడివై పోయావు."

"పోయి పాపారావు గారికి తాగి చూపించా. చూసి ఏమన్నాడో తెలుసా? 'మీ నాయన ఎట్లా తాగేవాడు?' అన్నాడు."

"ఏం చెప్పావు?"

"మా నాయన కాలవలో దోసిలితో తాగేవాడన్నా. దోసిలి అంటే చేతికి మూతి పెట్టడమే, రెండింతల నేరం అన్నాడు. సీసా లాక్కున్నాడు."

నాంచారమ్మ గోనెపట్టా వెనకనుంచి నవ్వింది. "సైదులూ, ఇట్లా రా అయ్యా. లోపల గ్లాసుంది. దానికి గొలుసు లేదు" అంది. సైదులు లోపలికెళ్ళి తాగొచ్చాడు. నేను అటూ ఇటూ చూసి నాంచారమ్మ మీద లేచాను.

"నీకు బుద్ధుందా? ఎవరన్నా చూస్తే?"

"చూస్తే ఏమవుద్ది? వాడికి దాహం తీరిందని తెలుస్తుంది."

కిందవాళ్ళని కింద కూర్చోబెట్టడం అయ్యాక ఎత్తువాళ్ళకి తోచక, వాళ్ళలో వాళ్ళే కొలుచుకోవడం మొదలెట్టారు. బెత్తెడు ఎత్తునుంచి పోసుకునేవాడు కూడా ఎత్తువాడేనా? అంచు పెదవికి అంత దగ్గరకొస్తే మనసులో ఆశ ఉన్నట్టే గదా? కాబట్టి జానెడు వాళ్ళు బెత్తెడు వాళ్ళ ఇళ్ళల్లో తినడం మానేశారు. మూరెడు వాళ్ళు జానెడు వాళ్ళని పేరంటాలకి పిలవడం మానేశారు. నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు గ్లాసు కాస్త కిందికి దించాడని మా వీధిలో ఒక సంబంధం తప్పిపోయింది. ఆ పిల్లాడికి ఉద్యోగం ఉంది, పొలం ఉంది, చెడు అలవాటు ఒక్కటీ లేదు. ఎత్తు లేదు, అంతే.

ఈ పోటీలో కమిషనర్ గారు వెనకబడతారా? ఆయన కుర్చీలో కూర్చుంటే పాపారావు స్టూలెక్కి పైనుంచి చెంబుతో పోసేవాడు. కొన్నాళ్ళకి స్టూలు చాల్లేదని వీధిదీపాలు మార్చే నిచ్చెన తెప్పించారు. నిచ్చెన మీదనుంచి పోసిన నీళ్ళు ముక్కులోకి పోతాయి, చెవిలోకి పోతాయి, చొక్కా కాలరులోకి పోతాయి. నోట్లోకి మాత్రం పోవు. కానీ తడి చొక్కాకి ఊళ్ళో గౌరవం పెరిగింది. మెడ తడిసి ఉన్నవాడు పెద్దమనిషి. బ్యాంకులో వాళ్ళకి కుర్చీ వేసేవాళ్ళు. ఇంట్లో కుళాయి కింద కాలరు తడుపుకుని వచ్చేవాళ్ళు కూడా బయల్దేరారు. ఊరంతా పైన తడి, లోపల ఎండిన గొంతు. మీటింగుల్లో పెద్దలు మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అతుక్కుని టక్కు టక్కుమని చప్పుడొచ్చేది.

దాహం తట్టుకోలేక మా బంకుకి మొదట వచ్చింది పాపారావు. టీ అన్నాడు, తాగాడు, అటూ ఇటూ చూశాడు. "ఆ పట్టా వెనక ఏముందయ్యా? పారిశుద్ధ్యం చూడాలి" అని లోపలికెళ్ళాడు. నేను బయటే నిలబడి చెవొగ్గాను. లోపల్నుంచి గుటగుటమని శబ్దం, తర్వాత "ఇంకో గ్లాసమ్మా" అన్న గొంతు. బయటికొచ్చి మూతి తుడుచుకుని, "పారిశుద్ధ్యం బాగానే ఉంది" అన్నాడు. అది మొదలు రోజూ మిట్టమధ్యాహ్నం పారిశుద్ధ్యం చూసేవాడు.

తర్వాత ఆరోగ్య దినోత్సవం డాక్టరుగారు వచ్చారు. తర్వాత మూరెడు వాళ్ళ సంఘం అధ్యక్షుడు. ప్రతివాడూ తనొక్కడే వస్తున్నాననుకునేవాడు. నాంచారమ్మ ఎవరి సంగతి ఎవరికీ చెప్పేది కాదు. అదే గ్లాసు కడిగి, నింపి, చేతికిచ్చేది. తమాషా ఏమిటంటే, పట్టా వెనక ఎంతసేపు తాగితే బయట మీటింగులో మూతివాళ్ళని అంత గట్టిగా తిట్టేవాళ్ళు. గొంతు తడిసింది గదా, మాట బాగా పలికేది. మూతివాళ్ళని కాలవ అవతల, చెత్తదిబ్బల దగ్గరికి పంపెయ్యాలన్న తీర్మానం కూడా అలా తడిసిన గొంతుల్లోనుంచి వచ్చిందే.

ఇంతలో ఎవరో పైకి ఆకాశరామన్న ఉత్తరం పడేశారు, ఆఫీసు ఆవరణలోనే రహస్య ఓష్ఠస్పర్శ జరుగుతోందని. పైనుంచి తనిఖీ చెయ్యమని ఫోనొచ్చింది. తనిఖీ చెయ్యాల్సినవాడు పాపారావు. వాడు తన వేళ తనకు తెలుసు గనక, మధ్యాహ్నం కాకుండా తెలివిగా పొద్దున్నే సిబ్బందితో వచ్చాడు. పొద్దున ఎవరి వేళో పాపం వాడికి తెలీదు.

"తప్పుకో కోటిలింగం! విధి నిర్వహణ!" అని గోనెపట్టా సర్రున లాగేశాడు.

లోపల పీట మీద కమిషనర్ త్రివిక్రమరావు గారు కూర్చుని, రెండు చేతులా గ్లాసు పట్టుకుని, మూతి మొత్తం గ్లాసులో పెట్టి, కళ్ళు మూసుకుని, లేగదూడలాగా తాగుతున్నారు.

పాలు పొంగిపోయి పొయ్యి చుయ్యిమంది. కమిషనర్ గారు కళ్ళు తెరిచారు. అందర్నీ చూశారు. అయినా గ్లాసు దించలేదు. అడుగుదాకా తాగి, అప్పుడు దించారు.

"తనిఖీ పూర్తయింది," అన్నారు. "ఈ గ్లాసు ఓష్ఠస్పర్శకు గురైనదని నా స్వంత పెదవులతో నిర్ధారించాను."

"అమోఘం సార్" అన్నాడు పాపారావు.

"ఈ గ్లాసు వాడునది ఎవరు?"

సిబ్బంది అంతా నాంచారమ్మ వైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

మర్నాడు ఆ చలివేంద్రం పందిరి కిందే విచారణ. ఆ ముందు రాత్రంతా నేను నాంచారమ్మకి ఎత్తి తాగడం నేర్పబోయాను. చెంబు ఎత్తి పోసినప్పుడల్లా ముక్కులోకి పోయి, పొలమారి, కళ్ళు ఎర్రబడి, ఒకసారైతే ఊపిరందక నా చెయ్యి పట్టుకుని విలవిల్లాడింది. "ఇంకోసారి, ఇంకొక్కసారి" అని నేను. "నన్ను చంపి ఎత్తుదాన్ని చేస్తావా ఏంది?" అంది, సగం మూతితో నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

విచారణకి ఊరంతా వచ్చింది. ఎత్తువాళ్ళు పందిరి కింద, మూతివాళ్ళు ఎండలో. తడి కాలర్లన్నీ ముందు వరసలో. కమిషనర్ గారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు.

"నీవు ఓష్ఠస్పర్శురాలవని అభియోగము. అంగీకరిస్తున్నావా?"

"ఏందండీ?"

"గ్లాసుకి మూతి పెడతావా అని" అన్నాడు పాపారావు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

"పెట్టడానికి నాకు మూతెక్కడిదండీ, సగమే గదా ఉంది!"

ఎండలోవాళ్ళు గొల్లుమన్నారు. కమిషనర్ గారు బల్ల కొట్టారు. "నిర్దోషిత్వమును నిరూపించుకొనుటకు ఒక సదవకాశం కల్పించబడుతున్నది. ఇదిగో చెంబు. ఎత్తి తాగి చూపించు. చూపించినచో బంకు యథాతథంగా కొనసాగును."

నేను పక్కకెళ్ళి చెవిలో అన్నాను: "నాంచారూ, ఒక్క గుక్క. కళ్ళు మూసుకుని ఒక్క గుక్క మింగు. బంకు నిలబడుద్ది."

ఆమె నన్ను చూసింది. తర్వాత ముందు వరసలో పాపారావుని చూసింది, డాక్టరుగారిని చూసింది, మూరెడు సంఘం అధ్యక్షుణ్ణి చూసింది. ఒక్కొక్కడూ నేల చూపులు చూశాడు. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను. చెబితే కేసు అక్కడితో పోయేది కూడా. చెప్పలేదు. చెంబు పైకెత్తింది. ఎత్తిన చెంబు అలాగే దించి, కుడి పెదవికి ఆనించుకుంది.

"నాకు దాహంగా ఉందయ్యా" అని, తాగింది.

తొందరపడకుండా తాగింది. కొంచెం కొంచెం. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో ఒక్కో గుటకా అందరికీ వినిపించింది. ఆమె మింగినప్పుడల్లా ముందు వరసలో తడి కాలర్ల పైన గొంతు ముడులన్నీ ఒక్కసారే పైకి లేచి కిందికి దిగాయి. కమిషనర్ గారి గొంతు ముడి అందరికన్నా పెద్దది. అది రెండుసార్లు లేచింది. చెంబు ఖాళీ చేసి, బోర్లించి, బల్ల మీద పెట్టింది.

"చల్లగా ఉన్నాయి. మీరూ తాగండి బాబూ" అంది.

ఉత్తర్వు అప్పటికప్పుడే చదివారు. బంకు రద్దు. నాంచారమ్మ, ఆమెతో సహవాసం చేయు భర్త, కాలవ అవతలికి తరలవలెను. మూతివాళ్ళందరూ కూడా. చలివేంద్రం వలన ప్రలోభము కలుగుచున్నందున డ్రమ్ము, గ్లాసు, గొలుసు సహా అవతలికే తరలించబడును.

అలా డ్రమ్ము మాతోపాటు చెత్తదిబ్బల పక్కకి వచ్చింది. సైదులు తన బండి మీదే వేసుకుని లాగాడు. దాని పక్కన రెండు రేకులు కప్పి మళ్ళీ టీ బంకు పెట్టాను. కాలవకి ఊరివైపు ఒక్క చలివేంద్రం మిగల్లేదు. ఎత్తువాళ్ళకి పూర్తి స్వచ్ఛత వచ్చేసింది. ఇంజనీరింగు సెక్షన్ నుంచి గొలుసు గురించి ఎప్పటినుంచో నలుగుతున్న నిర్ణయం కూడా వెలువడింది: ఈ ప్రాంతంలో దొంగలెక్కువ గనుక గొలుసు మరో బెత్తెడు కురచ చేయవలెను. మనిషొచ్చి, ఉన్న దాంట్లో మూడో వంతు కోసుకుపోయాడు. వాళ్ళ పని మాత్రం వాళ్ళు శ్రద్ధగా చేస్తారు.

బేరం ఎలా ఉందంటారా? బ్రహ్మాండంగా ఉంది. మిట్టమధ్యాహ్నం కాలవ వంతెన మీద మనుషులు ఒక్కొక్కరే వస్తుంటారు, కాలినడకన, హెల్మెట్లు పెట్టుకుని. బండి లేకుండా హెల్మెట్ ఏమిటని మేం అడగం. ఎవరి తల వాళ్ళ జాగ్రత్త. ఒకడు వంతెన ఇటు దిగుతుంటే ఇంకోడు అటు ఆగి, వేరే పనిమీద వచ్చినట్టు కాలవలోకి చూస్తూ నిలబడతాడు. నడకని బట్టి ఎవరెవరో మాకు తెలుసు. తడి కాలర్ల నడక దాగదు.

నిన్న మధ్యాహ్నం ఒక ఎత్తైన హెల్మెట్ వచ్చింది. అద్దం కొంచెం పైకి లేపి, డ్రమ్ము చూసి, గొలుసు చూసి, గ్లాసు చూసి ఆగింది.

"ఈ గ్లాసుతో నాకు ముందు ఎవరు తాగారు?" అంది, లోపలనుంచి.

"ఇందాక ఇంకో హెల్మెట్ బాబూ" అంది నాంచారమ్మ.

"అటువంటివాళ్ళు తాగినదా? నాకు వేరే గ్లాసు కావాలి. ప్రత్యేకముగా."

"ఒకటే గ్లాసండీ. అందరికీ అదే."

హెల్మెట్ వెనక్కి తిరిగి వంతెన దాకా వెళ్ళింది. వంతెన మధ్యలో ఆగింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాసేపటికి మళ్ళీ వెనక్కి వచ్చింది. గ్లాసు నింపింది. ఎత్తబోయింది. గొలుసు పట్టి లాగింది. నడుం వంచింది, చాల్లేదు. మోకాళ్ళు కూడా వంచింది. మెడ ముందుకి చాచింది.

ఠంగుమంది.

"మెల్లగా కమిషనర్ గారూ," అంది నాంచారమ్మ, పొయ్యి మీద పాలు దించుతూ. "మా గొలుసు చిన్నది."